ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవడం: దింపింది కొలవండి, కొలిచినంతే పోయండి

మా ఇంట్లో ఉన్నది 2011 మోడల్ హోండా సిటీ, ఐదు గేర్ల ఆటోమేటిక్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. కొన్న ఏడాదికి రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడల్లా వెనక నుంచి ఎవరో నెట్టినట్టు చిన్న కుదుపు మొదలైంది. ఒక గ్యారేజీలో చూపిస్తే, ఆయిల్ మారిస్తే పోతుందని డ్రమ్ములోంచి ఎర్రటి ఆయిల్ పట్టి పోశారు. ఏ ఆయిల్ అన్నా అని అడిగితే ‘ఆటోమేటిక్‌కి వేసేదే సార్’ అన్నారు. దింపింది ఎంతో, పోసింది ఎంతో ఎవరూ కొలవలేదు. రెండు వారాలు తిరక్కముందే, ఆ కుదుపు పోకపోగా, రివర్స్ వేస్తే రెండు క్షణాలు ఆగి ‘ధబ్’మని పడటం మొదలైంది. టెన్షన్ పడుతూ డిప్‌స్టిక్, అంటే ఆయిల్ ఎంతుందో చూసే గీతల కడ్డీ, లాగి చూస్తే ఆయిల్ పై గీత దాటి బొటనవేలంత ఎత్తున ఉంది.

ఆ ఆయిల్ నేనే దింపి, సరైనది కొని, కొలిచి పోసుకున్నాను. అప్పటి నుంచి ఈ పని నెల్లూరులో మా ఇంటి ముందు చప్టా మీదే చేసుకుంటున్నాను. చేతికి మసి అంటినా ఫరవాలేదనుకునేవాళ్లు ఒక ఆదివారం పొద్దున చేసుకోగల పనే ఇది. కావాల్సింది ఓపిక, కొలత.

ఎక్కువ పోస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు. లోపల తిరిగే పళ్లచక్రాలు ఎక్కువైన ఆయిల్‌ను కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతాయి. నురగ వస్తుంది. నురగలో గాలి ఉంటుంది, గాలిని నొక్కితే నలుగుతుంది, దాంతో ప్రెషర్ నిలవదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో క్లచ్ ప్లేట్లను అదిమి పట్టేది ఈ ఆయిల్ ప్రెషరే. అది తగ్గితే ప్లేట్లు జారతాయి, జారితే వేడెక్కి మాడతాయి. తక్కువైనా ఇదే కథ, పంపు ఆయిల్‌కు బదులు గాలి పీలుస్తుంది.

మీ కారులో ఏ గేర్‌బాక్స్ ఉందో ముందు తెలుసుకోండి

ఆటోమేటిక్ అని పేరున్న ప్రతి కారులోనూ ఈ ఆయిల్ ఉండదు. ఈ ఒక్క విషయం తెలియక చాలామంది తప్పు డబ్బా కొంటారు.

2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర ఇంటింటికీ వచ్చింది ఏఎంటీ. వాగన్ఆర్, టియాగో, క్విడ్ లాంటి వాటిలో ఆటోమేటిక్ అని అమ్మేది ఎక్కువగా ఇదే. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మన బదులు ఒక యంత్రం చేస్తుంది. అందులో పోసేది మాన్యువల్ గేర్ ఆయిల్. మీది ఏఎంటీ అయితే ఇక్కడ చెప్పే పని మీకు వర్తించదు.

రెండోది సీవీటీ. ఇందులో రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక ఉక్కు బెల్టు. దీనికి సీవీటీ ఆయిల్ మాత్రమే పోయాలి. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు జారి, గేర్‌బాక్స్ మొత్తానికి ముప్పు. నా కారు పేరు చూసి పొరబడొద్దు: 2014 నుంచి వచ్చిన పెట్రోల్ సిటీ ఆటోమేటిక్‌లో ఉన్నది సీవీటీ. పేరు ఒకటే, ఆయిల్ వేరు. సీవీటీ ఆయిళ్లలోనూ హోండా హెచ్‌ఎంఎంఎఫ్ అని ఒకటి, హెచ్‌సీఎఫ్-2 అని ఇంకోటి పెట్టింది. ఒకటి అడిగిన చోట ఇంకోటి పనికిరాదు.

మూడోది డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో కనిపించే డీఎస్‌జీ కూడా ఈ కుటుంబమే. దాని జోలికి ఇంట్లో వెళ్లొద్దని నా మాట.

మిగిలింది టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం, ఉన్న అసలు ఆటోమేటిక్. పాత ఐ10 ఆటోమేటిక్, నా సిటీ, ఇన్నోవా క్రిస్టా, ఎక్స్‌యూవీ700 ఈ కోవలోవి. ఇక్కడ చెప్పేది వీటి గురించే. వీటిలోనూ డిప్‌స్టిక్ ఉన్నవి ఇంట్లో చేసుకోవడానికి సులువు, లేనివి కష్టం. లేనివాటి సంగతి చివర్లో చెబుతాను.

ఎన్నాళ్లకు మార్చాలి

కారుతో పాటు వచ్చిన పుస్తకంలో రెండు లెక్కలు ఉంటాయి, మామూలు వాడకానికి ఒకటి, కఠినమైన వాడకానికి ఒకటి. నెల్లూరు, ఒంగోలు మనుషులం రెండో లెక్కే చూసుకోవాలి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటిన ఎండ, ఏసీ ఆపకుండా విజయమహల్ గేటు దగ్గర నిలబడటం, పండక్కీ పబ్బానికీ నలుగురిని ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కడం, ఇవన్నీ గేర్‌బాక్స్‌కు వేడే. ఆయిల్‌ను చంపేది కిలోమీటర్ల కంటే వేడి. మెకానిక్‌లు ఒక మోటు లెక్క చెబుతారు: ఉండాల్సిన వేడి కంటే ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ ఆయుష్షు సగమవుతుంది. నేను 40 వేల కిలోమీటర్లకు ఒకసారి మారుస్తున్నాను.

‘ఈ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు’ అని కొన్ని కంపెనీలు చెబుతాయి. ఎన్నో పెద్ద కార్లకు గేర్‌బాక్స్‌లు చేసిచ్చే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ తన గేర్‌బాక్స్‌లకు 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమని తనే చెబుతోంది. తయారుచేసినవాడి మాటే నాకు నమ్మకం.

పాత ఆయిల్ ఏం చెబుతోంది

కొత్త ఆయిల్ కొనేముందు ఉన్నదాన్ని చూడండి. డిప్‌స్టిక్ లాగి, తెల్ల టిష్యూ కాగితం మీద ఒక చుక్క వేసి, పది నిమిషాలు అలా వదిలేయండి. చుక్క ఎర్రగా పలచగా పాకితే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఇటుక రంగుకో డికాషన్ రంగుకో మారితే మార్చే సమయం వచ్చినట్టు. నల్లగా ఉండి, పాకకుండా మధ్యలోనే మచ్చలా నిలిచి, పోపు మాడిన వాసన వస్తుంటే లోపల క్లచ్ ప్లేట్లు అరిగినట్టు. అప్పుడు ఆయిల్ మార్చినా జబ్బు నయం కాదు, మెకానిక్‌కు చూపించాలి. ‘పాత బండికి ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది’ అనే మాట పుట్టింది ఇక్కడే. అప్పటికే పోయినదానికి ఆయిల్ మార్చి, నింద ఆయిల్ మీద వేస్తారు.

ఇంకో రంగు ఉంది, అది మన జిల్లాలో తప్పకుండా తెలిసుండాలి. ఆయిల్ రోజ్‌మిల్క్ రంగులో, చిక్కగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయని అర్థం. గేర్‌బాక్స్‌కు గాలి ఆడే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. కారు నీళ్లలో నిలబడితే దాని గుండా నీళ్లు లోపలికి వెళతాయి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు దగ్గర హైవే కూడా కోసుకుపోయినప్పుడు ఎన్ని వీధుల్లో నీళ్లు నిలిచాయో మనం చూశాం. అలా మునిగిన కార్లు కడిగి, తుడిచి సెకండ్‌హ్యాండ్‌లోకి వస్తాయి. కొనేముందు ఈ డిప్‌స్టిక్ ఒక్కటి లాగి చూడండి. క్లచ్ ప్లేట్ల మీద పొరను అంటించిన జిగురును నీళ్లు ఊడగొడతాయి. రోజ్‌మిల్క్ రంగు కనపడితే స్టార్ట్ కూడా చేయకుండా బండిని లాగించుకుపోవడమే మంచిది.

ఏ ఆయిల్ కొనాలి

ఎర్రగా ఉన్నదల్లా ఒకటి కాదు. ఎరుపు కలిపేది లీకైతే ఇంజిన్ ఆయిల్ నుంచి వేరుగా గుర్తుపట్టడానికి. లోపలి మందులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. క్లచ్ ప్లేటు ఎంత మెత్తగా పట్టాలో, ఎంత గట్టిగా పట్టాలో ఆ మందులే నిర్ణయిస్తాయి. నా కారుకు హోండా ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) డీడబ్ల్యూ-1 పోయాలి. పాత పుస్తకాల్లో జడ్-1 అని ఉంటే దాని స్థానంలో వచ్చింది ఇదే. క్రిస్టాకు టయోటా డబ్ల్యూఎస్. నాలుగు గేర్ల పాత ఐ10కు ఎస్‌పీ-3. మీ పుస్తకంలో ఉన్న పేరు కాగితం మీద రాసుకుని వెళ్లండి. షాపులో ‘అన్నిటికీ ఇదే వేస్తారు’ అంటే నవ్వి, పక్క షాపుకు వెళ్లండి. విడిగా డ్రమ్ములోంచి పట్టించుకోవద్దు, సీలు ఉన్న డబ్బానే తీసుకోండి.

నా సిటీకి ఒకసారి దింపితే వచ్చేది రెండున్నర లీటర్ల చుట్టుపక్కల. మూడు విడతలు చేస్తాను కాబట్టి ఎనిమిది లీటర్లు తెస్తాను. డ్రెయిన్ బోల్టుకు వేసే అల్యూమినియం వాషర్ కూడా అక్కడే అడగండి. 18 మిల్లీమీటర్ల వాషర్, విడతకొకటి, మొత్తం మూడు. అది ఒకసారి నలిగితేనే సీలు పడుతుంది, అందుకే పాతది మళ్లీ వేయకూడదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

జాకీ, రెండు టన్నుల బరువు ఆపగల రెండు జాక్ స్టాండులు, వెనక చక్రాలకు అడ్డం పెట్టే చెక్క మొద్దులు, 3/8 అంగుళాల రాచెట్ (బోల్టు మీద నుంచి తీయకుండానే ముందుకూ వెనక్కూ ఆడించి తిప్పే పిడి), సన్నటి మూతితో పొడుగు గొట్టం ఉన్న గరాటు, వెడల్పాటి టబ్బు, చేతికి రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు. పాతవి ఒకే రకం ఐదు లీటర్ల వంటనూనె క్యాన్లు రెండు. తుడవడానికి పీచు రాలని గుడ్డ. కాటన్ వేస్ట్ వద్దు, దాని పోగు ఒకటి లోపలికి వెళ్లినా సన్నటి దారుల్లో ఇరుక్కుంటుంది. గరాటును వేడినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, సంచిలో చుట్టి ఉంచుకోండి. నిన్న ఇంజిన్ ఆయిల్ పోసిన గరాటుతో ఇది పోయకండి.

ఆ రెండు క్యాన్ల పని ముందురోజే చేసి పెట్టుకోండి. లీటరు కొలతతో నీళ్లు పోస్తూ, ఒక్కో లీటరుకు, మధ్యలో అర లీటరుకు, స్కెచ్ పెన్నుతో గీత గీయండి. రెండింటికీ ఒకే కొలత వాడండి. తర్వాత నీళ్లు వంపేసి, లోపల చుక్క తడి లేకుండా ఎండబెట్టండి. ఈ పనంతటికీ గుండెకాయ ఈ రెండు క్యాన్లే.

సముద్రానికి దగ్గరగా, మైపాడు వైపో కొత్తపట్నం వైపో ఉండేవాళ్లకు ఇంకో మాట. ఉప్పుగాలికి కింద బోల్టులు తుప్పు పడతాయి. ముందురోజు రాత్రే డ్రెయిన్ బోల్టు చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి.

కారు ఎత్తడం

ఈ భాగం తొందరగా చదివేయొద్దు. మనిషి ప్రాణం పోయే చోటు ఇది ఒక్కటే.

చోటు గట్టిగా, మట్టంగా ఉండాలి. మట్టి నేల మీద స్టాండు కాలు దిగబడుతుంది. సిమెంటు చప్టా అయినా వాననీళ్లు పోవడానికి రోడ్డు వైపు వాలు కట్టి ఉంటారు, ఫోన్‌లో మట్టం చూపించే యాప్ ఉంటుంది, దాంతో చూసుకోండి. గేరు పార్కింగ్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రాలకు రెండు వైపులా మొద్దులు బిగించండి. ముందు భాగం ఎత్తాలంటే కారు అంచు కింద కంపెనీవాళ్లు రెండు గాట్లతో గుర్తుపెట్టిన చోటే జాకీ పెట్టాలి. ఎత్తాక స్టాండు పెట్టి, కారు బరువును మెల్లగా స్టాండు మీదికి దించండి. ఆపైన కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే ఇప్పుడే కదలాలి.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు. ఇటుకలు, సిమెంటు బ్లాకులు పేర్చి దూరడం ఇంకా ఘోరం, అవి పగుళ్లు చూపించకుండానే ఒక్కసారిగా పిండి అవుతాయి. నేను కిందికి దూరేముందు మా నాయన ప్రతిసారీ అడుగుతారు, ‘స్టాండు రెండు వైపులా చూసుకున్నావా అబ్బయ్యా?’ అని. చూసుకున్నాను నాయనా అని చెప్పాకే ఆయన టార్చి పడతారు. ఒంటరిగా ఈ పని పెట్టుకోకండి, పిలిస్తే పలికే మనిషి ఒకరు ఉండాలి.

స్టాండులు లేకపోతే, తెలిసిన వాటర్ సర్వీసింగ్ షాపులో ర్యాంపు ఖాళీగా ఉన్న పూట అడిగి వాడుకోండి. అందులో తక్కువేమీ లేదు.

దింపడం

కారు ఎత్తకముందే పది నిమిషాలు తిప్పుకొచ్చి, ఇంజిన్ ఆపి, అరగంట వదిలేయండి. ఆయిల్ వెచ్చగా ఉంటే పలచబడి, మడ్డిని కూడా వెంట తెస్తుంది. కానీ తిప్పిన వెంటనే దింపితే చెయ్యి కాలుతుంది, లోపల 80 డిగ్రీల పైన ఉంటుంది.

కిందికి వెళ్లేముందు పైన ఒక పని ఉంది. డిప్‌స్టిక్ లాగి, పోసే దారి తెరుచుకుందో లేదో చూసుకోండి. డిప్‌స్టిక్ కాకుండా వేరే పోసే బోల్టు ఉన్న బండ్లలో ఆ బోల్టును ముందే లూజు చేసి చూడాలి. కింద ఆయిలంతా వదిలేశాక పైబోల్టు ఊడకపోతే బండి అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు కింద. సిటీలో గేర్‌బాక్స్ ఎడమ ముందు చక్రం వైపు ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ బోల్టు తలకు ఆరు పలకలుంటాయి, దానికి పానా పడుతుంది. గేర్‌బాక్స్ బోల్టు తలలో చదరపు గుంట ఉంటుంది, 3/8 రాచెట్ కొస నేరుగా అందులో దిగుతుంది. ఈ తేడా కళ్లతో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే తిప్పండి. గేర్‌బాక్స్ ఆయిల్ అనుకుని ఇంజిన్ ఆయిల్ దింపేసి, గేర్‌బాక్స్‌లో ఇంకో రెండున్నర లీటర్లు పోసేవాళ్లు ఉన్నారు. పొరపాటు ఒకటే, దెబ్బ రెండింటికీ.

టబ్బు కింద పెట్టి, ఎడమవైపుకు తిప్పండి. చివరి చుట్లు చేత్తో తిప్పుతూ, బోల్టును లోపలికి అదిమి పట్టి, ఒక్కసారిగా పక్కకు లాగేయాలి. ధార మొదట జానెడు దూరం దూకుతుంది, టబ్బు కాస్త ముందుకు జరిపి పెట్టుకోండి. తర్వాత సన్నబడి, దారంలా మారి, చుక్కలవుతుంది. ఇరవై నిమిషాలు వదిలేయండి. ఈలోపు బోల్టు చూడండి.

బోల్టు కొసన అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు నలుపు ముద్ద ఒకటి పేరుకుని ఉంటుంది. రెండు వేళ్ల మధ్య నలపండి. కాటుకలా మెత్తగా జారితే మామూలు అరుగుదలే. గోటికి గరుగ్గా తగిలితే, ఎండలో పెట్టినప్పుడు చిన్న చిన్న రేకులు మెరిస్తే లోపల ఏదో విరుగుతోంది, ఫోటో తీసుకుని మెకానిక్‌కు చూపించండి. మొదటిసారి నా బోల్టు మీద ఉన్న ముద్ద శనగబద్దంత మందాన ఉంది, మెత్తగానే ఉంది. గుడ్డతో పూర్తిగా తుడిచి మెరిసేలా చేయండి.

కొత్త వాషర్ వేసి, బోల్టును మొదటి నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించండి. గేర్‌బాక్స్ ఒళ్లు అల్యూమినియం, అడ్డంగా ఎక్కిస్తే మర పోతుంది. బిగింపు 49 న్యూటన్ మీటర్లు. బిగింపు కొలిచే పానా, అంటే టార్క్ రెంచ్, లేకపోతే ఇలా ఊహించుకోండి: పావు మీటరు పొడవున్న పిడి చివర 20 కిలోల బరువు వేలాడితే వచ్చే బిగింపు అది. పొడవాటి పైపు తగిలించి బలమంతా పెట్టొద్దు.

కొలవడం, పోయడం

టబ్బులోని ఆయిల్‌ను మొదటి క్యాన్‌లోకి వంపండి. వంపిన వెంటనే గీత చదవొద్దు. ఆయిల్ వేడికి ఉబ్బుతుంది. రెండున్నర లీటర్ల ఆయిల్ 50 డిగ్రీలు చల్లారితే సుమారు 100 మిల్లీలీటర్లు తగ్గుతుంది. వెచ్చటిది కొలిచి, చల్లటి కొత్త ఆయిల్ అంతే పోస్తే ఆ మేరకు ఎక్కువ పోసినట్టే. గంటన్నర నీడలో పెట్టండి, కొత్త డబ్బాలు కూడా పక్కనే పెట్టండి. రెండూ ఒకే చలువకు వచ్చాక రెండో క్యాన్‌లోకి కొత్త ఆయిల్ పోసి, రెండూ పక్కపక్కన నిలబెట్టి గీతలు సరిచూడండి. నేలకు కారిపోయింది ఏమైనా ఉంటే అది కూడా లెక్కలో వేసుకోండి.

నా విషయంలో ముందు గ్యారేజీవాళ్లు ఎక్కువ పోశారు కాబట్టి దిగినంతే పోస్తే మళ్లీ ఎక్కువే అయ్యేది. మీది కూడా దింపకముందే గీతలకు పైనో కిందో ఉంటే కొలతను కాస్త తగ్గించి పోసి, డిప్‌స్టిక్ చూస్తూ కొంచెం కొంచెంగా సరిచేసుకోవాలి. ఎప్పుడైనా తక్కువ నుంచి పైకి రావడమే సులువు. ఎక్కువైతే మళ్లీ కిందికి దూరాలి.

కారును స్టాండుల మీద నుంచి దించి మట్టంగా నిలబెట్టండి. డిప్‌స్టిక్ రంధ్రంలో గరాటు పెట్టి సన్నటి ధారగా పోయండి. తొందరపడితే గొట్టంలో గాలి అడ్డుపడి పైకి తన్నుతుంది. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, పార్కింగ్ నుంచి కింది వరకు ఒక్కో గేరులో ఐదు సెకన్లు ఉంచుతూ వెళ్లి, అలాగే వెనక్కి రండి. దారులన్నీ ఆయిల్‌తో నిండాలి.

లెవెల్ చూడటంలోనే కార్లకూ కార్లకూ తేడా. హోండా పద్ధతి: ఇంజిన్‌ను రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా వేడెక్కనిచ్చి, ఆపేయాలి. ఆపాక 60 నుంచి 90 సెకన్ల మధ్య డిప్‌స్టిక్ లాగి, తుడిచి, మళ్లీ గుచ్చి, తీసి చూడాలి. పై గీతకూ కింది గీతకూ మధ్యలో, పై గీతకు దగ్గరగా ఉండాలి. డిప్‌స్టిక్ ఉన్న పాత హ్యుందాయ్‌లో ఇంజిన్ నడుస్తూ ఉండగానే, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు, హాట్ అని రాసిన గీతల మధ్య చూడాలి. ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడితే లెవెల్ తప్పుగా కనిపిస్తుంది. పక్కింటివాళ్లు చెప్పారని కాకుండా మీ పుస్తకంలో ఉన్నట్టు చేయండి. డిప్‌స్టిక్ రెండు వైపులా వేర్వేరుగా కనిపిస్తే తక్కువ చూపించిన వైపే నమ్మండి, రెండో వైపు గొట్టం గోడకు అంటినది పూసుకుంటుంది.

మూడు విడతలు ఎందుకు

బోల్టు ఊడదీస్తే దిగేది మొత్తం కాదు. టార్క్ కన్వర్టర్‌లో, ఆయిల్‌ను చల్లార్చే కూలర్ పైపుల్లో సగం దాకా లోపలే ఉండిపోతుంది. ఉప్పు ఎక్కువైన పులుసులో సగం తీసి నీళ్లు పోస్తే ఉప్పు సగం తగ్గుతుంది, ఇంకోసారి చేస్తే పావు, ఇంకోసారికి అరపావు. ఇదీ అంతే. సగం చొప్పున దిగితే ఒక విడతకు 50 శాతం, రెండో విడతకు 75, మూడో విడతకు 87 శాతం కొత్త ఆయిల్ ఉంటుంది. నాలుగోది పెట్టుకుంటే వచ్చే లాభం కొంచెమే, పోసే ఆయిల్ మాత్రం అంతే.

నేను వారానికి ఒక విడత చేస్తాను. మధ్యలో కారు రోజూ తిరుగుతుంది కాబట్టి పాతా కొత్తా బాగా కలుస్తాయి. మైపాడు దాకా వెళ్లొచ్చినా చాలు. మా కారులో మొదటి విడతకు రివర్స్ దెబ్బ పోయింది, మూడో విడత అయ్యాక రెండు నుంచి మూడుకు మారే కుదుపు చల్లటి పొద్దున మాత్రమే, అదీ చెవి పెట్టి వింటేనే తెలుస్తుంది. మెషీన్ పెట్టి ప్రెషర్‌తో మొత్తం ఒకేసారి తోసేస్తామని కొందరు చెబుతారు. పాత బండికి నేను అది చేయించను. ఏళ్ల తరబడి ఓ మూల కూర్చున్న మడ్డి ఒక్కసారిగా కదిలి వాల్వుల్లో ఇరుక్కుంటే పెద్ద ఖర్చు.

డిప్‌స్టిక్ లేని బండ్లు

క్రిస్టా లాంటి వాటిలో లెవెల్‌ను కింద ఉండే పొంగు బోల్టుతో చూస్తారు. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ ఒక నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు ఆ బోల్టు తీస్తే, ఎక్కువైంది కారిపోయి సన్నటి చుక్కగా ఆగాలి. టయోటా గేర్‌బాక్స్‌లు చాలావాటికి ఆ వేడి 40 డిగ్రీల చుట్టూ ఉంటుంది. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం గాలే అంత వేడిగా ఉంటే ఆయిల్ ఆ లెక్కకు ఎక్కడ దొరుకుతుంది? స్టార్ట్ చేసిన నిమిషాల్లో దాటిపోతుంది. అందుకే ఈ పని తెల్లవారుజామున, అదీ డిసెంబరు, జనవరిలో పెట్టుకోవాలి. ఆయిల్ వేడిని చదివే స్కానర్, నాలుగు మూలలా సమంగా ఎత్తే లిఫ్టు లేకపోతే ఈ రకాన్ని సర్వీస్ సెంటర్‌కే వదిలేయండి. అక్కడ కూడా పక్కన నిలబడి డబ్బా మీద పేరు చదవండి, దింపింది కొలిచి చూపించమనండి.

దింపిన ఆయిల్

దాన్ని మురుక్కాలువలో పోయకండి. మా వీధి కాలువ నీళ్లు సర్వేపల్లి కాలువకు చేరతాయి, అక్కడి నుంచి పొలాలకు పోతాయి. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు పెట్టినవాళ్లను అడగండి, నీళ్ల మీద తెట్టు కడితే ఎంత భయపడతారో చెబుతారు. చెదల కోసం దూలాలకు పూయొద్దు, చెత్త తగలబెట్టడానికి వాడొద్దు. కొలిచిన క్యాన్‌కే మూత బిగించి, మీద ‘పాత ఆయిల్’ అని రాసి, వాడిన ఆయిల్ పోగుచేసి రీసైక్లింగ్‌కు పంపే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఆయిల్ కూడా వస్తుంది. నేల మీద చింది ఉంటే రంపపు పొట్టు చల్లి, పీల్చుకున్నాక ఊడ్చేయండి.

చివరిగా, తేదీ, కారు తిరిగిన కిలోమీటర్లు, ఎంత దిగింది, ఎంత పోశారు, బోల్టు మీద ముద్ద ఎలా ఉంది, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆ రాత్రి కారు ముందు భాగం కింద తెల్లటి అట్టముక్క ఒకటి పరచండి. పొద్దున్నే లేచి చూడండి. అట్ట పొడిగా ఉంటే బోల్టు పట్టింది. ఎర్రటి చుక్క ఒక్కటి కనిపించినా కారు తీయకుండా, స్టాండులు మళ్లీ బయటికి తెచ్చి, వాషర్ సరిగా కూర్చుందో లేదో చూసుకోండి.